కొండ దిగే పాత బండి

కూనూరు నుంచి మేట్టుపాళయానికి దిగే రోడ్డులో పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. కూనూరు ఎత్తు దాదాపు 1,850 మీటర్లు, మేట్టుపాళయం 330 మీటర్ల దగ్గర ఉంది. మధ్య దూరం 33 కిలోమీటర్లకు అటూ ఇటూ. కుటుంబమంతా ఎక్కిన మారుతి 800, మనుషులూ సంచులూ కలుపుకుని 900 కిలోలు తూగుతుందనుకుందాం. కొండ దిగి మైదానానికి చేరేసరికి ఆ బండి పోగొట్టుకునే స్థితిశక్తి సుమారు ఒక కోటి ముప్పై లక్షల జౌళ్ళు. శక్తి మాయం కాదని బడిలో చదువుకున్నాం. అందులో కొంత టైర్ల దొర్లుడుకూ, గాలిని తోసుకుపోవడానికీ ఖర్చవుతుంది. అది పోగా మిగిలిన ఏ తొంభై లక్షల జౌళ్ళనో ఇంజనూ బ్రేకులూ పంచుకోవాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే మహానుభావులు ఇంజన్ వాటాను కూడా బ్రేకుల నెత్తినే పెడతారు. ఇరవై ఎనిమిది లీటర్ల చల్లని నీళ్ళను మరిగించేంత వేడి అది. దాన్ని నాలుగు చక్రాల దగ్గరున్న నాలుగు ఇనప ముక్కలు గంటలోపు పుచ్చుకుని గాలికి వదిలేయాలి.

కొత్త కారులో ఈ పని సాఫీగా జరిగిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్ళ బండిలో జరుగుతుందా లేదా అన్నది మనం ఏ దుకాణంలో ఏ డబ్బా కొన్నామన్న దాని మీద ఉంటుంది. బండి అమ్మితే వచ్చేదే అంతంత మాత్రం, దానికి షోరూమ్ ధరకు బ్రేకు సామాన్లు వేయించాలంటే ఎవరికైనా చేతులు రావు. మరి ఎక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు, ఎక్కడ మిగుల్చుకోకూడదు? దీనికి భౌతికశాస్త్రం స్పష్టంగానే సమాధానం చెబుతుంది. ఆ సమాధానాన్ని వెతకడానికి కోయంబత్తూరు, మదురై మంచి చోట్లు. మొదటి ఊరికి నీలగిరి, రెండో ఊరికి కొడైకెనాల్ ఉన్నాయి, రెండూ రెండు వేల మీటర్లు దాటిన కొండలే. పైగా బండి సామాన్ల వ్యవహారం ఈ రెండు ఊళ్ళకూ వందేళ్ళ పాతది.

పీళమేడు, పాపనాయకన్‌పాళయం, ఆవారంపాళయం, గణపతి ఇప్పుడు కోయంబత్తూరు నగరంలో కలిసిపోయాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, తమిళంలో చదువుకుంటూ, తమిళ లిపిలోనే పెళ్ళిపత్రికలు అచ్చేయించుకునే నాయుళ్ళ కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణానికి తరలివెళ్ళిన రైతుల వారసులు వాళ్ళు. నల్లరేగడిలో పత్తి పండించారు. పత్తి వెంట మిల్లులు, మిల్లుల వెంట రిపేరు షెడ్లు, షెడ్ల వెంట ఫౌండ్రీలు పుట్టుకొచ్చాయి. 1926లో పీళమేడులో పిఎస్‌జి పారిశ్రామిక శిక్షణాలయం మొదలైంది. 1932లో నీలగిరిలోని పైకారా జలవిద్యుత్తు మైదానానికి చేరింది, బావుల దగ్గరికి మోటార్లు వచ్చాయి. 1937లో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. చిత్రమేమిటంటే, ఆ పైకారా కరెంటు కూడా కొండ దిగే బరువు పోగొట్టుకున్న శక్తే. నీళ్ళ బరువు దిగితే ఊళ్ళకు దీపాలు వెలిగాయి. కారు బరువు దిగితే మాత్రం ఎవరికీ అక్కరకు రాని వేడి పుడుతుంది.

జి.డి. నాయుడు సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన ఆయన 1920లో ఒక్క బస్సుతో పొళ్ళాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. అదే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. ఆ రోజుల్లో బస్సు యజమాని అంటే సగం మెకానిక్కే. విడిభాగం ఓడలో రావాలి, వచ్చేదాకా బస్సు ఊరికే నిలబడితే కూలీ గిట్టదు. కాబట్టి విరిగిన భాగాన్ని లేతు మీద మళ్ళీ చెక్కడం, అరిగిన దానికి స్లీవు వేయడం, దొరకని దాన్ని పోతపోయడం ఆ ఊరికి అలవాటైపోయింది. రెండు వేల రూపాయల్లో రెండు సీట్ల కారు కూడా ఆయన తయారుచేశాడు, లైసెన్సు దక్కక అది అక్కడితో ఆగింది. వస్త్ర మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర అదే ఊళ్ళో మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి రేసు కారు తయారుచేశాడు. లక్షలు పోయలేని కుర్రాళ్ళు రేసులు నేర్చుకోవాలంటే వీధి దుకాణంలో దొరికే సామానుతోనే కారు నడవాలన్నది దాని వెనకున్న ఆలోచన. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్ళిన కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ మొదట్లో ఆ కార్లనే తోలాడు.

మదురై దారి వేరు. నాయకరాజులతో పాటు వచ్చిన తెలుగు కులాలు అక్కడ సైన్యంలో, సేద్యంలో, నేతలో, వ్యాపారంలో స్థిరపడ్డాయి, ఊరి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. కానీ మోటారు బండిని ఆ ఊరికి తెచ్చినవాడు తెలుగువాడు కాదు, తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన టి.వి. సుందరం అయ్యంగార్. 1912లో ఆయన నడిపిన బస్సు సర్వీసుతో మొదలైన టీవీఎస్ సంస్థ బస్సుల నుంచి విడిభాగాల అమ్మకానికీ, అక్కడి నుంచి తయారీకీ విస్తరించింది. మదురై దగ్గర రబ్బరు సామాన్లు, టైర్లు, మద్రాసు పాడిలో బ్రేకులు తయారయ్యాయి. ఇంగ్లండు గర్లింగ్ బ్రేకుల పరిజ్ఞానంతో బ్రేక్స్ ఇండియా 1962లో, లైనర్ల కోసం సుందరం బ్రేక్ లైనింగ్స్ 1974లో వచ్చాయి. ఇనుము కోయంబత్తూరుది, రబ్బరు మదురైది అని మోటుగా చెప్పుకోవచ్చు. బ్రేకులో ఈ రెండింటితో పాటు మూడోది కూడా ఉంది, అది తిరిగే ఇనుమును ఒరుసుకుని ఆపే లైనర్. ముందు దాని సంగతే చూద్దాం, ఎక్కువ మోసం జరిగేది అక్కడే.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిని మన్‌హైమ్ నుంచి ప్ఫోర్ట్స్‌హైమ్ దాకా తోలింది. దారిలో దిగుడు వాలులకు చెక్క బ్రేకు దిమ్మలు అరిగిపోతుంటే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనర్‌కు అదే మొదలని చెబుతారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, రైతులు బండి బ్రేకులకు పాత బూట్లు మేకులతో కొట్టుకోవడం చూసి, అంతకంటే మేలైనది తయారుచేయాలనుకున్నాడు. ఫెరోడో సంస్థ అలా పుట్టింది. రెండు కథల్లోనూ కొండలున్నాయి. మైదానంలో బతికేవాళ్ళకు బ్రేకుల మీద అంత ధ్యాస ఉండదు మరి.

తోలు, పత్తి, వెంట్రుకలు ఏవీ వేడికి నిలవలేదు. ఆస్బెస్టాస్ నిలిచింది, ఎన్నో దశాబ్దాలు లైనర్‌కు అదే ఆధారం. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ వస్తుందని తేలాక పేరున్న తయారీదారులు దాన్ని వదిలేశారు. ఇప్పటి లైనర్ పది, ఇరవై దినుసుల మిశ్రమం. ఫినాలిక్ రెసిన్ అన్నిటినీ పట్టి ఉంచుతుంది. అరామిడ్, గాజు, ఉక్కు నారలు బలాన్నిస్తాయి. గ్రాఫైట్ ఘర్షణను ఒక తీరులో ఉంచుతుంది, బెరైట్స్ పొడి బరువునిస్తుంది. ఇంకొకటుంది, దాని పేరు వింటే మనవాళ్ళు నమ్మరు. జీడిపిక్క తొక్కలోంచి తీసే నూనెను గట్టిపరచి పొడిచేసి లైనర్‌లో కలుపుతారు. వేడెక్కినప్పుడు అది మెత్తబడి ఘర్షణ ఒక్కసారిగా పడిపోకుండా కాపాడుతుంది, కీచుమనే చప్పుడు కూడా తగ్గిస్తుంది. శ్రీకాకుళం జిల్లా పలాసలో పప్పు ఒలిచాక మిగిలే తొక్కలకు ఇలాంటి గిరాకీ ఉందని పప్పు తినేవాళ్ళకు తెలియదు.

ఈ వంటకంలో ఏది ఎంత వేశారో పైకి కనబడదు. నల్లగా, గరుకుగా, బరువుగా ఉండే ముక్కను చూసి అందులో రెసిన్ ఎంత, పనికిమాలిన సున్నపురాయి పొడి ఎంత అని ఎవరూ చెప్పలేరు. చల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా పట్టుకుంటాయి. సందు చివర బ్రేకు నొక్కి చూసి "బాగుంది" అనుకుని ఇంటికొస్తాం. తేడా బయటపడేది 300 డిగ్రీల దగ్గర. అక్కడ నాసి రెసిన్ విచ్ఛిన్నమై వాయువులు వదులుతుంది. ఆ వాయువులు లైనర్‌కూ లోహానికీ మధ్య చేరి పట్టును జారగొడతాయి. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మెకానిక్కులు దీన్నే ఫేడ్ అంటారు.

దీన్ని కనిపెట్టడానికి ఒక చిన్న ఆధారం ఉంది. మంచి లైనర్లు, డిస్కు బ్రేకుల్లో వాటి పని చేసే ప్యాడ్ల అంచు మీద అంకెలతో పాటు ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసగా అచ్చేసి ఉంటాయి: ఇ-ఇ, ఎఫ్-ఎఫ్, జి-ఎఫ్ అని. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ గుణకం ఏ శ్రేణిలో ఉందో, రెండోది బాగా వేడెక్కినప్పుడు ఎంతో చెబుతుంది. ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. మైదానంలో తిరిగే బండికి మొదటి అక్షరం చాలు, కొండవాసులు చూడాల్సింది రెండో అక్షరాన్ని. మొదటిది ఎఫ్, రెండోది ఇ అయితే వేడికి పట్టు తగ్గుతుందని అర్థం. అసలు అక్షరాలే లేని ప్యాడ్ ఎంత చవకైనా నేను ముట్టుకోను. అక్షరాలున్నంత మాత్రాన నాణ్యత రుజువైనట్టు కాదు. ఎంత త్వరగా అరుగుతుందో, డిస్కును ఎంత తింటుందో అవి చెప్పవు. నకిలీ తయారుచేసేవాడు అక్షరాలను కూడా నకిలీ చేయగలడు. అందుకే లైనర్ కొనేటప్పుడు ధర కంటే దాని వెనక నిలబడే పేరు ముఖ్యం.

అక్కడే డబ్బు మిగిలే దారి కూడా ఉంది. దుకాణంలో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏమన్నా, కంపెనీది ఇమ్మంటారా, లోకల్ చాలా?" కొనేవాడికి ఆ రెండే దారులున్నట్టు తోస్తుంది, కానీ వాటి మధ్యలో మూడోది ఉంది. కార్ల కంపెనీలు మామూలుగా ప్యాడ్లూ లైనర్లూ తామే తయారుచేసుకోవు. ఒక బ్రేకు సంస్థ తయారుచేసి ఇస్తే తమ పేరున్న డబ్బాలో పెట్టి, తమ లాభం వేసుకుని అమ్ముతాయి. అదే బ్రేకు సంస్థ తన సొంత పేరుతో, తన సొంత డబ్బాలో, అదే మోడల్‌కు భాగాలు బజారులో అమ్ముతుంది. ధర మామూలుగా తక్కువే ఉంటుంది. మిశ్రమం అణుమాత్రం తేడా లేకుండా అదేనని ప్రమాణం చేయలేం గానీ, పరీక్షించే యంత్రాలూ, పోతే పోయే పరువూ ఆ సంస్థకు ఉన్నాయి. పాత బండికి ఈ మధ్య డబ్బానే నా సలహా. కారు కంపెనీ డబ్బా కోసం పెట్టే ఆ అదనపు రూపాయలను మరోచోట ఖర్చుపెట్టాలి, ఎక్కడో తర్వాత చెబుతాను.

డిస్కు బ్రేకు ఉన్న బండికీ, డ్రమ్ము బ్రేకు ఉన్న బండికీ లైనర్ నాణ్యత ఒకే తీరులో పనిచేయదు. 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసడర్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ప్రీమియర్ పద్మినీ కూడా అంతే. డ్రమ్ము లోపల లైనర్ తొడిగిన వంపు ముక్కలే షూలు, తిరిగే దిశకు ముందుండేదాన్ని లీడింగ్ షూ అంటారు. తిరిగే డ్రమ్ము ఆ షూను తనవైపు లాక్కుంటుంది, కాలు నొక్కినదానికంటే ఎక్కువ బలంతో షూ అదుముకుంటుంది. కాలి బలాన్ని పెంచే సర్వో లేని కాలంలో భారీ బండ్లు మామూలు మనిషి కాలికి ఆగాయంటే ఈ సదుపాయం వల్లే. దానికి ఒక వెల ఉంది. డిస్కులో ఘర్షణ గుణకం 0.4 నుంచి 0.3కు తగ్గితే ఆపే బలం కూడా సరిగ్గా పావువంతు తగ్గుతుంది. లీడింగ్ షూలో ఘర్షణతో పాటు లాక్కునే బలం కూడా తగ్గుతుంది కాబట్టి నష్టం మూడో వంతు దాటిపోవచ్చు. ఎడమ చక్రానికి ఒక రకం లైనర్, కుడి చక్రానికి మరో రకం పడితే ఆ తేడా రెట్టింపై స్టీరింగు ఒక పక్కకు గుంజేస్తుంది. అందుకే ఒక పక్కదే అరిగినా ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకేసారి, ఒకే డబ్బాలోంచి తీసి వేయాలి. "ఆ పక్కది ఇంకా ఆర్నెల్లు వస్తుందండి" అన్న మెకానిక్ మనకు మేలు చేస్తున్నాననే అనుకుంటాడు.

ఇక ఇనుము. డ్రమ్ముకూ డిస్కుకూ వాడేది బూడిదరంగు పోత ఇనుము. అందులో కార్బన్ సన్నని గ్రాఫైట్ రేకులుగా విడివడి ఉంటుంది. ఆ రేకులు వేడిని త్వరగా నడిపిస్తాయి, అదురును మింగేస్తాయి. కోయంబత్తూరు ఫౌండ్రీలలో పంపు కేసింగులకూ, మోటారు బాడీలకూ పోసేదీ ఇదే కుటుంబం ఇనుమే. భారతీయ ప్రమాణం ఐఎస్ 210లో ఎఫ్‌జి 200, ఎఫ్‌జి 220, ఎఫ్‌జి 260 అంటూ దానికి తరగతులున్నాయి. పక్కన రాసిన అంకె తన్యతా బలం. అంటే పాత అంబాసడర్ డ్రమ్ము తయారుచేయడం ఆ ఊరికి ఏమంత రాకెట్ శాస్త్రం కాదు. అంతకంటే ముఖ్యం, ఇనుమును మనం పరీక్షించగలం. వెర్నియర్ పెట్టి మందం చూడవచ్చు, లేతు మీద తిప్పి వంకర చూడవచ్చు, వేలాడదీసి తడితే మోగే ధ్వనిని బట్టి పగులు ఉందో లేదో చెప్పే ముసలి మేస్త్రీలు ఉన్నారు. కొలిచి చూడగలిగినదాన్ని చవకగా కొనడంలో పెద్ద ప్రమాదం లేదు. బ్రేకు ఖర్చు తగ్గించాలంటే మొదట ఇక్కడే తగ్గించాలి.

కొలవడం మాత్రం తప్పదు. డ్రమ్ము లోపలో అంచునో గరిష్ఠ వ్యాసం, డిస్కు మీద కనిష్ఠ మందం అచ్చుపోసి ఉంటాయి. అరిగి గీతలు పడ్డ డ్రమ్మును లేతు పట్టించి నున్నగా చేయించుకోవచ్చు, కొత్తదానితో పోలిస్తే కొద్ది ఖర్చే. కానీ ఆ కోత తర్వాత కూడా అంకె హద్దు లోపలే ఉండాలి. విరిగిపోతుందేమోనన్న భయంతోనే ఈ హద్దు పెట్టారనుకుంటారు చాలామంది, అది సగం నిజమే. అసలు సంగతి వేడిది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి మన 900 కిలోల బండిని ఒక్కసారి ఆపితే రెండు లక్షల ఇరవై వేల జౌళ్ళు వేడిగా మారతాయి. ఆపేటప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక అందులో మూడింట రెండు వంతులు ముందు చక్రాల వాటా. ఒక్కో డిస్కుకు డెబ్భై వేల జౌళ్ళు. డిస్కు బరువు మూడు కిలోలైతే ఒక్క ఆపుడుకు దాని వేడి సుమారు 50 డిగ్రీలు పెరుగుతుంది. అరిగి రెండు కిలోల నాలుగు వందల గ్రాములకు దిగితే అదే ఆపుడుకు 60 డిగ్రీలు దాటుతుంది. చల్లారనివ్వకుండా నాలుగైదు సార్లు వరసగా నొక్కితే ఈ పది డిగ్రీల తేడాలు కలిసి లైనర్‌ను 300 వైపు తోసేస్తాయి. ఇనుము వేడిని దాచుకునే కొట్టు, అది చిన్నదైతే తొందరగా నిండుతుంది.

డ్రమ్ముకు ఇంకో చిక్కు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది. 200 మిల్లీమీటర్ల డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం దాదాపు 0.44 మిల్లీమీటర్లు పెరుగుతుంది. షూ నుంచి డ్రమ్ము దూరంగా జరుగుతుంది, పెడల్ లోతుకు పోతుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్ వైపే వస్తుంది. కొండ దిగే పాత డ్రమ్ము బండి పెడల్ కింది మలుపుల దగ్గరకొచ్చేసరికి ఎందుకు లోతుకు పోతుందో తోలినవాళ్ళకు అనుభవమే, కారణం ఇది. అప్పటికే హద్దు దాటి అరిగిన డ్రమ్ములో కొత్త షూ వంపు డ్రమ్ము వంపుతో కలవదు. లైనర్ మధ్యభాగం ఒక్కటే ఆనుతుంది.

కోయంబత్తూరు ఉక్కడంలో పాత ఇనుము అంగళ్ళు ఉన్నాయి, విప్పిన బండ్ల భాగాలు అక్కడ దొరుకుతాయి. మద్రాసులో పుదుపేట ఎలాగో ఇదీ అలాగే. అక్కడ డ్రమ్ము, బ్యాక్‌ప్లేటు, క్యాలిపర్ బ్రాకెట్ లాంటి ఇనప సామాన్లు కొలిచి, చూసి కొనడంలో తప్పులేదు. స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి, తయారీ ఎప్పుడో ఆగిపోయిన బండి ఉన్నవాళ్ళకు వేరే దారి కూడా లేదు. పెడల్ నొక్కును ద్రవం ద్వారా పంపే మాస్టర్ సిలిండర్, చక్రం దగ్గర దాన్ని అందుకునే వీల్ సిలిండర్ల విషయంలో జాగ్రత్త పడాలి. లోపలి గొట్టం తుప్పుకు గుంటలు పడి ఉంటే కొత్త రబ్బరు వేసినా ఆ ద్రవం కారుతుంది. కోయంబత్తూరు లేతు షాపుల్లో దానికి ఉపాయం ఉంది: గొట్టాన్ని పెద్దగా తొలిచి, లోపల ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవు దిగ్గొట్టి, పాత కొలతకు మళ్ళీ నున్నగా చేస్తారు. ఆ పని తెలిసినవాడు చేస్తే కొత్తదానికంటే ఎక్కువ కాలం వస్తుంది.

పాత కొలతకు అన్నాను కదా, అది తేలిగ్గా తీసుకోవద్దు. ముప్పావు అంగుళం సిలిండర్ దొరకలేదని అదే బోల్టు రంధ్రాలకు సరిపోయే ఏడు బై ఎనిమిది అంగుళాల సిలిండర్ బిగిస్తారు కొందరు. ద్రవంలో ఒత్తిడి అన్నివైపులా సమానమని పాస్కల్ చెప్పాడు. ఒత్తిడి సమానమైతే బలం వైశాల్యాన్ని బట్టి మారుతుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. చూపుకు అంగుళంలో ఎనిమిదో వంతు తేడా, బలంలో 36 శాతం తేడా. వెనక చక్రానికి ఇలా పడితే వాన రోజున బ్రేకు నొక్కగానే వెనకభాగం పక్కకు తిరుగుతుంది.

మూడోది రబ్బరు, దానితో పాటు ద్రవం. కారు కంపెనీ డబ్బా మీద మిగిల్చిన డబ్బు మరోచోట పెట్టాలన్నాను కదా, అది ఇక్కడే. సిలిండర్ కిట్లూ, హోసులూ, ఫ్లూయిడూ కలిపినా ప్యాడ్ల ఖర్చు దాటకపోవచ్చు, కానీ ఇవి దెబ్బతింటే పెడల్ నేలకు తగులుతుంది. రబ్బరు వయసు కంటికి కనబడదు. పై పొర నిగనిగలాడుతూనే లోపల గట్టిపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్న మోటు లెక్క ప్రకారం, మదురై ఎండలో రేకుల షెడ్డు కింద అయిదేళ్ళు పడి ఉన్న కిట్, చల్లని గోదాములో అయిదేళ్ళున్న కిట్ ఒకటి కావు. కాబట్టి తయారీ తేదీ చూడకుండా రబ్బరు కొనకూడదు, డిస్కౌంటు ఎక్కువిస్తానన్న పాత సరుకు అసలే వద్దు. హోసు ఇంకా గడుసుది. లోపలి పొర ఊడి కవాటంలా అడ్డం పడితే, కాలు నొక్కినప్పుడు ద్రవం వెళుతుంది, తీసినప్పుడు తిరిగిరాదు. చక్రం పట్టేసి కాలిపోతూ ఉంటుంది, మనం క్యాలిపర్ మారుస్తాం, రోగం తగ్గదు.

బ్రేకు ఫ్లూయిడ్ గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలో తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నూటికి 3.7 పాళ్ళ నీరు చేరాక కనీసం 140 దాకా నిలవాలి. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. సిలిండర్ దగ్గర ద్రవం మరిగితే బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, బుడగ నలుగుతుంది, కాబట్టి పెడల్ పోతుంది గానీ బలం చక్రం దాకా చేరదు. ఫేడ్‌లో పెడల్ గట్టిగా ఉండి బండి ఆగదు, ఇక్కడ పెడలే మెత్తబడుతుంది. రెంటికీ మందు వేరు గనక ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్ళకోసారి పాత ద్రవమంతా తీసేసి, సీలు తీయని చిన్న సీసాతో నింపించుకుంటే చాలు. మెకానిక్ అరమీద మూత సగం తెరిచి ఉన్న డబ్బా ఉచితంగా పోసినా వద్దు. డాట్ 3 బండిలో డాట్ 4 పోయవచ్చు, సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం వీటితో కలపకూడదు. ఇంజన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ చుక్క కలిసినా లోపలి సీళ్ళు ఉబ్బి, మొత్తం కిట్లన్నీ మార్చాల్సి వస్తుంది.

పైసా ఖర్చు లేని బ్రేకు ఒకటుంది, అది గేరు. ఎక్కినప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే గేరు అని పాత బస్సు డ్రైవర్ల లెక్క. కింది గేరులో ఇంజన్ గాలిని లాగడానికీ, తన లోపలి రాపిడికీ శక్తిని తింటుంది, ఆ వేడిని రేడియేటరూ సైలెన్సరూ బయటికి పంపేస్తాయి. ఊటీ నుంచి మసినగుడికి దిగే కల్లట్టి దారిలో 36 మలుపులు నిలువుగా దిగుతాయి. అక్కడ ఏటా బ్రేకులు ఫెయిలయ్యాయని వినే బండ్లలో చాలావాటికి బ్రేకు సామాను మంచిదే అయి ఉంటుంది, పై గేరులో దింపి ఉంటారు. నీలగిరి రైలును చూడండి, కల్లారు నుంచి కూనూరు దాకా దాదాపు పన్నెండుకు ఒకటి వాలు. పట్టాల మధ్య పళ్ళ కమ్మీ ఉన్నా, ఒక్కో పెట్టె ముందు బ్రేకు మనిషిని నిలబెడతారు. ఒక్క బ్రేకు మీద అంత బరువు పెట్టకూడదని 1899లోనే వాళ్ళకు తెలుసు.

సామాన్లు తెచ్చాక బిగింపు దగ్గర రెండు మాటలు. విప్పిన డ్రమ్ములోని ధూళిని గాలి పైపుతో ఊదించకండి. పాత లైనర్‌లో ఆస్బెస్టాస్ ఉందో లేదో ఎవరికీ తెలియదు, తడిగుడ్డతోనో నీళ్ళతోనో కడిగితే ధూళి గాలిలో లేవదు. కొత్త ప్యాడ్, కొత్త లైనర్ మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఒదిగి కూర్చోవాలి. ఆ లోపల గట్టిగా బ్రేకు కొడితే పై పొర గాజులా మెరిసిపోయి పట్టు రాదు. మోస్తరు వేగం నుంచి మెల్లగా ఆపుతూ, మధ్యమధ్య చల్లారనిస్తూ తోలాలి. డ్రమ్ము షూలైతే ఒదిగాక మళ్ళీ ఒకసారి అడ్జస్టు చేయించాలి, ఆ పనికి చాలా షెడ్లలో వేరే డబ్బు అడగరు. విప్పిన పాత షూలు అక్కడే వదిలేసి రావద్దు. వంకరపోని ఇనప షూకు పాత లైనర్ తీసేసి, కొత్తది రివెట్ చేసో అతికించో ఇచ్చే దుకాణాలు ఈ రెండు ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. లైనర్ ముక్కను మాత్రం పేరున్న డబ్బాలోంచి మన కళ్ళముందే తీయమనాలి. అతికించే రకమైతే కొలిమి వేడిలో తగినంతసేపు ఉంచాలి కాబట్టి, "అరగంటలో ఇచ్చేస్తా" అనేవాడి కంటే "రేపు సాయంత్రం రండి" అనేవాడి దగ్గర షూలు వదలడం నయం.